ప్రేమ పేరిట దగా: ఒక పాత మోసం చరిత్ర

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కబురు పెట్టారు. అలవాటు ప్రకారమైతే ఏ కోట గురించో, ఏ నవాబు గురించో నాలుగు పేజీలు వ్రాసి పంపేవాణ్ణి. ముప్పయ్యేళ్ళు బడిలో పిల్లలకు చెప్పింది అవే గదా. కాని ఈ యేడు మనసు వాటి మీదికి పోలేదు. మన మధ్యనే వుండే ఒక పెద్దమనిషికి జరిగిన సంగతి కొన్ని నెలలుగా నన్ను నిద్రపోనివ్వటం లేదు. ఆయన పేరు చెప్పను. చెప్పవలసిన అవసరమూ లేదు.

ఆయన ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయినవారు. భార్య పోయి నాలుగేళ్ళయింది. కొడుకు గల్ఫులో, కూతురు అత్తవారింట. ఒకరోజు సెల్‌ఫోనుకు ఎవరో స్త్రీ దగ్గర నుంచి పొరపాటున వచ్చినట్టుగా ఒక మెసేజి వచ్చింది. మర్యాదకు ఈయన జవాబిచ్చారు. అట్లా మొదలై యెనిమిది నెలలు నడిచింది. పొద్దున్నే పలకరింపు, మధ్యాహ్నం "భోంచేశారా" అన్న ప్రశ్న, రాత్రి మందు వేసుకున్నారా లేదా అన్న విచారణ. ఆ యింట్లో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు వేరే లేరు. ఆ తరువాత పెట్టుబడి అన్నారు, లాభం అన్నారు. దాచుకున్న సొమ్ము పోయింది. భార్య నగలు కుదువబెట్టి తెచ్చిన సొమ్మూ పోయింది.

ఒక మధ్యాహ్నం మా యింటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, అంతా నాకు చెప్పారు. చెప్పడానికి ఆయనకు గంట పట్టింది. అంతా విని నేనన్న మొదటి మాట యిది: "ఇంత చదువుకున్నవారు, మీకు ఆ మాత్రం తోచలేదా భాయి?" ఆయన ఏమీ అనలేదు. టీ గ్లాసు సగంలో వదిలి లేచి వెళ్ళారు. రెండు నెలలు మా గుమ్మం తొక్కలేదు.

ఆ మాట నాకు గుచ్చుకుని, ఈ మోసం సంగతి ఏమిటో తెలుసుకుందామని చదవటం మొదలుపెట్టాను. మొదట ఇది సెల్‌ఫోనుతో పాటు పుట్టిన జబ్బు అనుకున్నాను. కాదు. ఫోను కంటే, తపాలా బిళ్ళ కంటే కూడా పాతది.

ఫ్రాన్సు దేశంలో విదోక్ అని ఒకాయన వుండేవాడు. 1775లో పుట్టాడు. మొదట దొంగ, తరువాత ఖైదీ, ఆ తరువాత పోలీసులకు వేగు, చివరికి ప్యారిస్ నేరపరిశోధక పోలీసు దళానికే అధిపతి. చిత్రమైన జీవితం. దొంగల లోగుట్టు తెలిసినవాడు గనుక 1830లలో వారి పద్ధతుల మీద ఒక పుస్తకం వ్రాశాడు. అందులో "జెరూసలేం వుత్తరాలు" అనే మోసాన్ని వర్ణించాడు. జైల్లో కూర్చున్న ఖైదీలు బయట వున్న ధనవంతుల చిరునామాలు సంపాదించి వాళ్ళకు వుత్తరాలు వ్రాసేవారు. వ్రాసేవాడు తాను ఒక ప్రభువు దగ్గర సేవకుణ్ణని చెప్పుకుంటాడు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో పారిపోతూ నగల పెట్టెను ఫలానా చోట నీళ్ళలో పడవేశామనీ, దాన్ని తీసుకుపోదామని తిరిగివచ్చి తాను పట్టుబడ్డాననీ, కొంచెం డబ్బు సాయం చేస్తే పెట్టెలో వాటా యిస్తాననీ ఆ వుత్తరంలో వుండేది. అట్లాంటి వుత్తరాలు నూరు వ్రాస్తే యిరవైకి జవాబులు వచ్చేవని విదోక్ అంటాడు. నూటికి యిరవై! పరీక్ష కాగితాలు దిద్దిన చేతికి ఆ అంకె ఎక్కువే అనిపించింది.

అదే వుత్తరం కొన్నాళ్ళకు వేషం మార్చింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి "స్పెయిన్ ఖైదీ" అనే పేరుతో సముద్రాలు దాటింది. ఇంగ్లండులోనో అమెరికాలోనో వున్న ఒక వర్తకుడికి స్పెయిన్ జైలు నుంచి జాబు వస్తుంది. నేను మీకు దూరపు బంధువును, అన్యాయంగా ఖైదు చేశారు, రహస్యపు అర వున్న పెట్టెలో నా ఆస్తి వుంది, దానికంటే విలువైనది నా కూతురు, తల్లి లేని పిల్ల, నా తరువాత మీరే ఆమెకు దిక్కు, అని. ఆ పిల్ల ఫొటో అని చెప్పి ఒక పటం కూడా జతచేసేవారు. 1898లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీని మీద వ్రాస్తూ, పాత మోసమే మళ్ళీ లేచిందని అన్నది. అంటే అప్పటికే పాతది!

ఇక్కడ ఒక మార్పు కనబడుతున్నది. జెరూసలేం వుత్తరంలో ఆశ పెట్టింది నగల పెట్టె. స్పెయిన్ వుత్తరంలో పెట్టె పక్కన ఒక ఆడపిల్ల వచ్చి నిలబడింది. లోభం లేనివాణ్ణి పెట్టె చూపి లాగలేరు. జాలి, మమత, తోడు లేకపోవడం అనేవి అందరిలో వున్నాయి. మోసగాళ్ళు ఈ రహస్యం అప్పుడే కనిపెట్టారు. "ఆశపోతులే మోసపోతారు" అని మనం అరుగుల మీద కూర్చుని తేల్చేస్తాము గాని, ఆ మాట ఈ విషయంలో నూటికి సగం కూడా నిలవదు.

పెళ్ళి ప్రకటనల సంగతి కూడా చెప్పుకోవాలి. పత్రికల్లో యిట్లాంటివి మన కాలంలో వచ్చినవని అనుకుంటాము. 1695 జులైలోనే లండనులో జాన్ హౌటన్ నడిపిన ఒక పత్రికలో, ముప్పయ్యేళ్ళ ఆస్తిపరుడికి మూడు వేల పౌండ్ల ఆస్తి గల యువతి కావాలని ప్రకటన పడింది. ప్రకటన తప్పు కాదు. దాని ద్వారా యెన్నో మంచి సంబంధాలు కుదిరినవి, మన యిళ్ళలోనూ కుదిరినవి. కాని పేరూ వూరూ కనుక్కునే పెద్దలు మధ్యలో లేకుండా ఇద్దరు అపరిచితులు నేరుగా కలుసుకునే దారి ఒకటి తెరుచుకున్నది. ఆ దారిన మంచివాళ్ళతో పాటు లాండ్రూ కూడా వచ్చాడు.

ఆన్రీ లాండ్రూ కథ కొంచెం వివరంగా చెబుతాను. నేను చదివినవాటిలో నన్ను బాగా కదిలించింది అదే. 1869లో ప్యారిస్‌లో పుట్టాడు. మోసం కేసుల్లో యెన్నోసార్లు జైలుకు వెళ్ళివచ్చాడు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళారు, లక్షల మంది తిరిగి రాలేదు. ఫ్రాన్సు నిండా వితంతువులు. లాండ్రూ పత్రికల్లో ప్రకటనలు వేశాడు. తాను భార్య పోయినవాణ్ణనీ, యిద్దరు పిల్లలున్నారనీ, స్థితిమంతుణ్ణనీ, గంభీరమైన మనిషిననీ, ఒక వితంతువును వివాహమాడగోరుతున్నాననీ వాటి సారాంశం. నిజానికి అతనికి భార్య వుంది, నలుగురు పిల్లలున్నారు. జవాబు వ్రాసిన స్త్రీలకు ఒక్కొక్కరికి ఒక్కో పేరు చెప్పాడు. పూలు తెచ్చేవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. వాళ్ళ దాపుడు సొమ్ము, చివరికి యింట్లో కుర్చీలు, మంచాలతో సహా తన చేతికి వచ్చేలా చూసుకునేవాడు. తరువాత పల్లెటూళ్ళో వున్న తన విల్లాకు తీసుకువెళ్ళేవాడు. పది మంది స్త్రీలు, వారిలో ఒకరి కొడుకు, అట్లా వెళ్ళి తిరిగి రాలేదు.

అతని దగ్గర ఒక చిన్న నోటుబుక్కు దొరికింది. అందులో తాను వ్యవహారం నడిపిన 283 మంది స్త్రీల వివరాలున్నాయి. ఖర్చులు పైసాతో సహా వ్రాసుకునే అలవాటు అతనికి. రైలు టిక్కెట్ల పద్దు కూడా వుంది. తనకు రానూపోనూ టిక్కెట్టు, వెంట వచ్చే స్త్రీకి పోను మాత్రమే. కోర్టులో అతని మీద బలంగా నిలిచిన సాక్ష్యాల్లో ఆ పద్దు ఒకటి. 1921 నవంబరులో వెర్సాయిలో విచారణ జరిగితే ప్యారిస్ నగరం నుంచి జనం నాటకం చూడబోయినట్టు వెళ్ళారు. 1922 ఫిబ్రవరి 25న అతనికి మరణశిక్ష అమలయింది.

ఇంతవరకు నేరగాడి కథ. నేను చెప్పదలచుకున్నది అతన్ని పట్టించినవాళ్ళ సంగతి. పోలీసులు కాదు, మాయమైన స్త్రీల అక్కచెల్లెళ్ళు. ఒక కుటుంబం వారు, ఫలానా ద్యుపోంతో వెళ్ళిన మా అక్క ఏమయిందని గాంబే అనే ఆ వూరి మేయరుకు జాబు వ్రాశారు. ఇంకొక స్త్రీ తోబుట్టువు, ఫలానా ఫ్రెమియేతో వెళ్ళిన మా మనిషి ఏదని వ్రాసింది. పేర్లు వేరు, యిల్లు ఒక్కటే. మేయరుకు అనుమానం వచ్చి రెండు కుటుంబాలకూ ఒకరి చిరునామా ఒకరికి యిచ్చాడు. వాళ్ళు కలుసుకుని మాట్లాడుకున్నాక అసలు సంగతి బయటపడింది. 1919 ఏప్రిల్‌లో, ఆ తోబుట్టువే ప్యారిస్ వీధిలో ఒక దుకాణం నుంచి బయటికి వస్తున్న అతన్ని గుర్తుపట్టి పోలీసులకు చెప్పింది.

"తెలివి తక్కువది, ఎవడితోనో లేచిపోయింది, మన పరువు తీసింది, దాని పేరెత్తవద్దు" అని ఆ రెండు యిళ్ళలో తలుపు వేసుకుని కూర్చుని వుంటే? ఆ నోటుబుక్కులో యింకొన్ని పోను టిక్కెట్లు పడేవి. పేరెత్తకూడదు అనుకున్న యిళ్ళు ఎన్నో వుండే వుంటాయి. 283 మందిలో ఎంతమంది ఫిర్యాదు చేశారో మీరే వూహించుకోండి.

అమెరికాలో 1940లలో "ఒంటరి హృదయాల క్లబ్బులు" అని తపాలా ద్వారా పరిచయాలు చేసే సంస్థలు వుండేవి. రేమండ్ ఫెర్నాండెజ్, మార్తా బెక్ అనే జంట వాటి ద్వారా స్త్రీలను వలలో వేసుకుని, కొందరిని చంపి, 1951లో మరణశిక్ష పొందారు. అంతకు ముందు ఫెర్నాండెజ్ ఒక్కడే చాలామంది దగ్గర సొమ్ము లాగాడు. సిగ్గుతో వాళ్ళు నోరు మెదపలేదు. అదే అతనికి పెట్టుబడి అయింది.

ఇక మన కాలానికి వద్దాము. 1980లలో నైజీరియా నుంచి వ్యాపారులకు, కంపెనీలకు వుత్తరాలు బయలుదేరినవి. కోట్ల సొమ్ము చిక్కుకుపోయింది, బయటికి తేవడానికి సాయం చేయండి, ముందు కొంచెం ఖర్చులకు పంపండి, అని. స్పెయిన్ ఖైదీ మళ్ళీ లేచాడన్నమాట. ఆ దేశపు శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షను నంబరు 419 కనుక దీనికి ఆ అంకే పేరయింది. ఇంటర్నెట్టు వచ్చాక తపాలా ఖర్చు లేకుండా పోయింది, ప్రేమ కథ వచ్చి చేరింది. ఇక్కడ ఒక మాట. మన పత్రికలు దీన్ని "నైజీరియన్ల మోసం" అని వ్రాస్తాయి. విదోక్ చెప్పిన దొంగలు ఫ్రెంచివాళ్ళు, లాండ్రూ ఫ్రెంచివాడు. ఒక జాతిని పట్టుకుని దొంగలనడం ఎంత తేలికో, అది పడినవాళ్ళకు ఎంత బరువో మనకు వేరే చెప్పాలా? ఆ ప్రభుత్వమే 2003లో ఆర్థిక నేరాల కోసం ప్రత్యేక సంస్థ పెట్టి యిట్లాంటివాళ్ళను వేల సంఖ్యలో కోర్టుకెక్కించింది.

మన దగ్గర ఎక్కువగా నడిచింది పార్శిలు కథ. పెళ్ళి సంబంధాల వెబ్‌సైటులో పరిచయం. లండను డాక్టరు, లేకపోతే ఓడ మీద యింజనీరు. భర్త పోయిన స్త్రీలకు, విడాకులయిన స్త్రీలకు, పెళ్ళి ఆలస్యమైన ఆడపిల్లలకు వల. కొన్ని వారాలు తీయటి మాటలు. తరువాత ఖరీదైన బహుమతి పంపించానంటాడు. ఢిల్లీ కస్టమ్స్ నుంచి అని ఒక ఆడమనిషి ఫోను చేస్తుంది. పార్శిల్లో పౌండ్లున్నాయి, సుంకం కట్టండి, లేకపోతే కేసు అవుతుంది, అని. సుంకం కట్టమన్న ఖాతా ఎవరో ఒక ప్రయివేటు మనిషిది. ప్రభుత్వ సుంకం ప్రయివేటు మనిషి ఖాతాలో ఎందుకు కట్టాలి అని ఆ క్షణంలో తోచదు. ప్రేమ ఒక పక్క, కేసు భయం ఒక పక్క.

ఆ తరువాత వచ్చింది మరీ ఘోరమైనది. చైనా భాషలో దానికి పెట్టిన పేరు చెప్పడానికి నోరు రాదు. పందిని మేపి, బలిపించి, ఆపైన కోయడం అని దాని అర్థం. పేరు పెట్టినవాళ్ళు మోసగాళ్ళే. మేత అంటే యెనిమిది నెలల పలకరింపు. మన పెద్దమనిషికి జరిగింది ఇదే. పొరపాటున వచ్చినట్టు మెసేజి, స్నేహం, మమత. ఆ తరువాత "మా మామయ్య క్రిప్టోలో ఆరితేరినవాడు" అంటూ ఒక దొంగ యాప్. మొదట అయిదు వేలు పెడితే ఆరు వేలు నిజంగానే చేతికి వస్తాయి. నమ్మకం కుదిరేది అక్కడే. పెద్ద సొమ్ము పెట్టాక తెర మీద లక్షలు కనబడుతాయి. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు. తెర మీది లక్షలు తెర మీదే వుంటాయి.

దీని వెనుక వున్న ఆ "స్త్రీ" ఎవరు? ఇది తెలిసినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. చాలాసార్లు ఆమె స్త్రీ కాదు, తన యిష్టంతో ఆ పని చేసేవాడూ కాదు. కంబోడియాలో, మయన్మారులో ప్రహరీ గోడల మధ్య పెద్ద పెద్ద కట్టడాలున్నాయి. ఉద్యోగమని చెప్పి రప్పించిన కుర్రవాళ్ళ పాస్‌పోర్టులు గుంజుకుని, రోజుకు యింతమందికి మెసేజి పెట్టాలని లెక్క కట్టి, చేయకపోతే కొట్టి పని చేయిస్తారు. 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం యిచ్చిన నివేదిక ప్రకారం మయన్మారులో కనీసం లక్షా యిరవై వేల మంది, కంబోడియాలో సుమారు లక్ష మంది ఇట్లా చిక్కుకుని వుండవచ్చు.

వారిలో మన తెలుగు పిల్లలూ వున్నారు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, వెళ్ళేందుకు వాళ్ళ దగ్గరే డబ్బు తీసుకుని, పిల్లలను కంబోడియాకు పంపినవాళ్ళు వీళ్ళు. అదే నెలలో అక్కడ సిహనూక్‌విల్ అనే వూళ్ళో మనవాళ్ళు తిరగబడ్డారు. మన రాయబార కార్యాలయం వాళ్ళు కల్పించుకుని కొందరిని వెనక్కు పంపారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో మయన్మారు నుంచి బయటపడిన 549 మంది భారతీయులను థాయిలాండు మీదుగా రెండు వైమానిక దళం విమానాల్లో తీసుకువచ్చారు. అందులోనూ తెలుగువాళ్ళున్నారు. ఆ పెద్దమనిషిని "భోంచేశారా" అని అడిగిన వేళ్ళు తాము ఆ పూట భోంచేశాయో లేదో మనకు తెలియదు. ఫొటోలో వున్న స్త్రీ మూడో మనిషి. తన బొమ్మ ఎక్కడెక్కడ తిరుగుతున్నదో ఆమెకు తెలియనే తెలియదు.

2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ ఒక విజ్ఞప్తి చేసింది. పంది పేరుతో వున్న ఆ మాటను అందరూ మానెయ్యండి, మోసపోయినవాళ్ళను అది అవమానిస్తున్నది, ఆ సిగ్గుతో వాళ్ళు ముందుకు వచ్చి ఫిర్యాదు చేయలేకపోతున్నారు, దాని బదులు "ప్రేమ ఎర" అనండి, అని. పేరు మారిస్తే ఏమవుతుంది అని కొందరు నవ్వవచ్చు. నేను నవ్వలేను. ఒక్క మాటకు మనిషి రెండు నెలలు గుమ్మం తొక్కకపోవడం చూసినవాణ్ణి.

సిగ్గు ఎంత పని చేస్తుందో లెక్కల్లో కూడా కనబడుతుంది. అమెరికాలో 2022లో సుమారు 70,000 మంది ప్రేమ మోసాల మీద అక్కడి వ్యాపార కమిషనుకు ఫిర్యాదు చేశారు. పోయిన సొమ్ము 130 కోట్ల డాలర్లు. అది చెప్పుకున్నవాళ్ళ లెక్క. మన దేశంలో 2024 జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు నెలల్లో ప్రేమ మోసాల కింద నమోదైన నష్టం 13 కోట్ల 23 లక్షల రూపాయలు మాత్రమే. అదే కాలంలో ట్రేడింగు మోసాల కింద నమోదైంది 1,420 కోట్లు. ఇంత తేడా ఎందుకు? నా వుద్దేశం ఏమంటే, ట్రేడింగు పేరిట వ్రాయించిన ఫిర్యాదుల్లో కొన్నింటి వెనుక ఒక పలకరింపు వుంటుంది. "డబ్బు పెట్టాను, పోయింది" అని స్టేషనులో చెప్పగలరు. "ఆమె నన్ను ప్రేమించిందనుకున్నాను" అని అరవయ్యేళ్ళ మనిషి కుర్ర రైటరు ముందు చెప్పలేడు. ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. మన ఇజ్జత్ అంతా వాళ్ళ తల మీదే పెట్టాము గదా.

మోనికా విట్టీ అనే ఆచార్యురాలు ఇట్లా మోసపోయినవాళ్ళతో మాట్లాడి పరిశోధన చేసింది. వాళ్ళకు దెబ్బ రెండు విధాలని ఆమె తేల్చింది. ఒకటి సొమ్ము. రెండోది ఆ బంధం. కొందరికి సొమ్ము కంటే మనిషి పోవడమే ఎక్కువ బాధ. ఆ మనిషి అసలు లేనే లేకపోయినా సరే. మన యిళ్ళలో ఎవరైనా పోతే మూడు రోజులు వచ్చి కూర్చుంటాము, అన్నం పంపుతాము. ఈ చావుకు ఎవరూ రారు. వచ్చినా తిట్టిపోతారు.

ఆస్ట్రేలియాలో ఒక మంచి పని జరిగింది. 2013లో పశ్చిమ ఆస్ట్రేలియా పోలీసులు, వినియోగదారుల రక్షణ శాఖవారు కలిసి, తమ రాష్ట్రం నుంచి పశ్చిమాఫ్రికా దేశాలకు మాటిమాటికీ డబ్బు పంపుతున్నవాళ్ళ వివరాలు తీశారు. నేరస్తులను వెదకడానికి కాదు. మీరు మోసపోతున్నారేమో, ఒకసారి మాతో మాట్లాడండి అని మర్యాదగా వాళ్ళ యింటికి వుత్తరం వ్రాశారు. వుత్తరం అందుకున్నవాళ్ళలో ఎక్కువమంది డబ్బు పంపడం మానేశారు. రెండు వందల యేళ్ళ నుంచి వుత్తరంతో నడిచిన మోసాన్ని వుత్తరంతోనే ఆపారు. ఆ పథకానికి సన్‌బర్డ్ అని పేరు.

మన దేశంలో 2021లో ఒక ఏర్పాటు జరిగింది. సొమ్ము పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. దొంగసొమ్ము ఒక ఖాతాలో నిలవదు. గంటల్లో ఒకరి ఖాతా నుంచి యింకొకరి ఖాతాకు, అక్కడి నుంచి మరో పదింటికి పోతుంది. ఫోను రాగానే బ్యాంకులకు కబురు వెళ్ళి, సొమ్ము ఏ ఖాతాలో వుంటే అక్కడ ఆపుతారు. ఆలస్యమైతే ఆపడానికి ఏమీ మిగలదు. అందుకని ఇంట్లో ఎవరైనా "ఇట్లా అయింది" అని నోరు విప్పితే, మొదటి గంట ఆ ఫోనుకు కావాలి. పంచాయితీకి కాదు. మెసేజీలు, డబ్బు పంపిన రసీదులు తుడిచేయకూడదు. కోపంతోనో సిగ్గుతోనో తుడిచేస్తారు, అది మోసగాడికి మేలు. మనిషి తిండి మాని, మాట మాని, చావు మాటలు మాట్లాడితే ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అని 14416 నంబరు వుంది, మన భాషలోనే మాట్లాడుతారు, డబ్బు అడగరు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఒకసారి మోసపోయినవాళ్ళ జాబితాలు మోసగాళ్ళ మధ్య అమ్ముడుపోతాయి. కొన్నాళ్ళకు "మీ సొమ్ము తెచ్చి పెడతాము, మేము లాయర్లము, మేము సైబర్ అధికారులము, ముందు కొంచెం ఫీజు కట్టండి" అని కొత్త గొంతు వస్తుంది. విదోక్ కాలంలో వుత్తరం నూటికి యిరవై మందిని పట్టింది. ఈ రెండో వుత్తరం పట్టే శాతం ఎంతో గాని, ఎవరికీ చెప్పుకోలేనివాడికి అది దేవుడు పంపినట్టే వుంటుంది.

కార్యదర్శిగారికి, కార్యవర్గ సభ్యులకు నాదొక మనవి. జనాజాకు, ఆస్పత్రికి, పిల్లల ఫీజులకు మన సంఘంలో మనుషులున్నారు. దీనికి కూడా ఇద్దరిని పెట్టండి. ఒక మగ, ఒక ఆడ. వచ్చినవాళ్ళు చెప్పింది వినాలి, వెంట స్టేషనుకు పోవాలి, బ్యాంకుకు పోవాలి. వాళ్ళ పేరు మినిట్సు పుస్తకంలో వ్రాయకూడదు. ఆ ఇద్దరిలో ఒకడిగా నా పేరు వ్రాసుకోవచ్చు. మొదటి పరీక్షలో తప్పినవాణ్ణి గనుక, రెండోసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాను.

ఇదంతా చదివాక నేనే ఆయన యింటికి వెళ్ళాను. తలుపు తీసి, లోపలికి రమ్మనడానికి కొంచెం తటపటాయించారు. "ఆ రోజు నేనన్నది తప్పు భాయి" అన్నాను. ఆయన కుర్చీ చూపించారు. చాలాసేపటికి, "మాస్టారూ, ఎవరో ఫోను చేశారు. నలభై వేలు కడితే మొత్తం తెప్పిస్తామంటున్నారు. రేపు కడదామనుకుంటున్నాను" అన్నారు. ఆ నలభై వేలు కూడా కూతురి దగ్గర వేరే పని చెప్పి అడిగి తెచ్చినవి.

ఆ డబ్బు కట్టలేదు. మరునాడు ఇద్దరం కలిసి వెళ్ళి ఫిర్యాదు వ్రాయించాము. అక్కడ వున్న అధికారి చిన్నవాడే, మొదట కూర్చోమన్నాడు, మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. నెలలు గడిచిపోయినవి గనుక ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని నిజమే చెప్పాడు. బయటికి వచ్చాక ఆయన ఫోను తీసి ఆ స్త్రీ ఫొటో చూపించి, "ఈ అమ్మాయి ఎవరై వుంటుంది మాస్టారూ?" అని అడిగారు. తెలియదన్నాను.

ఇప్పటికి ఏడు నెలలయింది. సొమ్ము రాలేదు. నగలు విడిపించడానికి కొడుకు నెలనెలా కొంత పంపుతున్నాడు, సంగతి అతనికి తండ్రే ఫోనులో చెప్పారు. శుక్రవారం నమాజు తరువాత ఆయన మా అరుగు మీద కూర్చుని టీ పూర్తిగా తాగి వెళ్తున్నారు.